పైనాపిల్ వేసిన రొయ్యల సలాడ్ ఎందుకు చితికిపోయింది?

ప్రశ్న: మాది కాకినాడ. అమెరికా నుంచి వచ్చిన మా అమ్మాయి అడిగిందని మొన్న రొయ్యలు, పండ్ల ముక్కలు కలిపి సలాడ్ చేశాను. ఉడికించిన రొయ్యల్లో పైనాపిల్, బొప్పాయి ముక్కలు వేసి, మయొనీజ్ కలిపి ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు భోజనాల వేళకు తీసి చూస్తే రొయ్యలు పట్టుకుంటేనే చితికిపోతున్నాయి. గిన్నె అడుగున గ్లాసుడు నీళ్ళు. రెండు చెంచాలు తినేసరికి అందరికీ వెగటు కొట్టింది. చేపల్లో, రొయ్యల్లో పండ్లు కలపకూడదని మా మామయ్యగారు అసలు ముట్టుకోలేదు. ఆయన కొలెస్ట్రాల్‌కి మాత్రలు వాడుతున్నారు. వచ్చే ఆదివారం మళ్ళీ పదిమంది చుట్టాలు వస్తున్నారు. అమ్మాయి పట్టు వదలడం లేదు, నాకేమో టెన్షన్‌గా ఉంది. ముక్క ముక్కలా ఉండి, కడుపులో బరువు లేకుండా ఎలా చెయ్యాలి? మామయ్యగారు తినొచ్చా?

సమాధానం: మీ రొయ్యలు మంచివే అయుంటాయి, మీరు ఉడికించడంలోనూ పెద్ద పొరపాటు జరిగుండదు. వాటిని చితికిపోయేలా చేసింది వేడి తగలని పచ్చి పైనాపిల్, అది పండినదైనా సరే. అందులో బ్రోమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. ప్రొటీన్‌ను ముక్కలు చెయ్యడమే దాని పని. రొయ్య అంటే దాదాపు అంతా ప్రొటీన్, నీరే. రాత్రంతా రెండూ ఒకే గిన్నెలో ఉంటే ఆ ఎంజైము తీరిగ్గా రొయ్యను పైనుంచి కరిగించుకుంటూ పోతుంది. ఫ్రిజ్ చల్లదనం దాని వేగాన్ని తగ్గిస్తుందే గాని పూర్తిగా ఆపదు. పచ్చి పైనాపిల్ వేస్తే జెల్లీ గడ్డకట్టకపోవడానికి కూడా ఇదే కారణం.

బొప్పాయిలోనూ ఇలాంటి ఎంజైమే ఉంది, దాని పేరు పపైన్. హైదరాబాద్‌లో కబాబుల మాంసానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించేది ముక్క మెత్తబడాలనే. కాయ పండేకొద్దీ పపైన్ బాగా తగ్గిపోతుంది కాబట్టి పండిన బొప్పాయితో అంత భయం లేదు. కానీ అది రాత్రంతా ఉంటే తనే మెత్తబడి నీరు కారుతుంది. కివీ పండుది కూడా పైనాపిల్ దారే. ఈ మూడింటి సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా పండ్లతో మీకు పెద్దగా పేచీ ఉండదు.

అమ్మాయికి పైనాపిలే కావాలంటే మార్గం ఉంది. వేడి తగిలితే బ్రోమెలైన్ పనిచెయ్యదు. పైనాపిల్‌ను వేలి మందం కంటే పల్చటి చక్రాలుగా కోసి, నూనె తడి మాత్రమే ఉన్న వేడి పెనం మీద రెండు వైపులా గోధుమరంగు మచ్చలు పడేదాకా కాల్చండి. ముక్క లోపలి వరకూ వేడెక్కాలి, అందుకే పల్చగా కొయ్యమంటున్నాను. పూర్తిగా చల్లారాక ముక్కలు చేసి వాడుకోండి. కాల్చినందువల్ల తీపి చిక్కబడి రుచి కూడా పెరుగుతుంది. డబ్బాలో వచ్చే పైనాపిల్‌ను ముందే వేడిచేసి ఉంటారు కాబట్టి ఎంజైము బెడద లేదు. కాకపోతే అది పాకంలో నానిన ముక్క, తీపి తప్ప పులుపు దాదాపు ఉండదు. ఈ సలాడ్‌కి నేనైతే దాన్ని వాడమనను.

నన్నడిగితే ఈ వేసవిలో కాకినాడలో ఉండి పైనాపిల్ కోసం వెతకనక్కర్లేదు. మామిడి ఉండనే ఉంది. రొయ్యకు మామిడి ఎంత బాగా అతుకుతుందో గోదావరి జిల్లాల వాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మామిడికాయ రొయ్యల కూర, మామిడికాయ నెత్తళ్ళ పులుసు తినే ఇళ్ళే కదా మనవి. సలాడ్‌లో కూడా ఆ జోడీయే, కాకపోతే పొయ్యి పని తక్కువ.

అయితే ఏ మామిడి అన్నది చూసుకోవాలి. చిన్న రసాలు, పెద్ద రసాలు ఎంత తియ్యగా ఉన్నా దీనికి పనికిరావు. అవి పిండుకుని, జుర్రుకుని తినే పండ్లు, కత్తి పెడితే ముక్క నిలవదు. బాగా పండిన బంగినపల్లి కూడా మెత్తగా అయిపోతుంది. మీకు కావలసింది దోర పండు. బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగి, వెంటనే గట్టిగా తగలాలి. తొడిమ దగ్గర వాసన అప్పుడప్పుడే మొదలై ఉండాలి. కోస్తే లోపల లేత పసుపు, టెంక దగ్గర కాస్త తెలుపు. అలాంటి బంగినపల్లి గాని, మీ వైపు దొరికే కొత్తపల్లి కొబ్బరి గాని, సువర్ణరేఖ గాని తీసుకోండి. కలెక్టర్ కాయ కూడా మంచిదే, దోరగా ఉన్నప్పుడు ముక్క విరిగినట్టు కరకరలాడుతుంది. రెండు పాళ్ళు దోర మామిడికి ఒక పాలు పుల్లటి పచ్చికాయ సన్నగా చీరి కలిపితే నిమ్మకాయ మీద భారం తగ్గుతుంది. ఈ సలాడ్‌కి ఇంతకంటే మంచి చిట్కా నా దగ్గర లేదు.

రొయ్యలూ పండ్లూ కలిపిన సలాడ్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది థాయ్‌లాండ్ వాళ్ళు చేసుకునేది. పంపరపనస తొనలు విడదీసి, ఉడికించిన రొయ్యలు, వేయించిన కొబ్బరి కోరు, వేరుశనగగుళ్ళు, కరకరలాడే ఉల్లి వేపుడు వేసి, నిమ్మరసం, చేపల ద్రావణం (ఫిష్ సాస్), తాటి లేదా కొబ్బరి చక్కెర, మిరపకాయలతో కలుపుతారు. దాని పేరు యమ్ సోమ్-ఓ. యమ్ అంటే అలా పుల్లగా, కారంగా కలిపే సలాడ్, సోమ్-ఓ అంటే పంపరపనస. అందులో మయొనీజ్ లేదు, క్రీమ్ లేదు. దినుసుల్లో చాలావరకు మన వంటింట్లో ఉన్నవే. మీ ఆదివారం సలాడ్‌ని దాని పద్ధతిలోనే, పంపరపనస బదులు మామిడితో చేయమని నా సలహా. పంపరపనస ఎందుకు వద్దంటున్నానో మామయ్యగారి మాత్రల దగ్గర చెబుతాను.

ఇక రొయ్యల సంగతి. పదిమందికి, భోజనానికి ముందు తలా ఒక చిన్న గిన్నెడు అనుకుంటే, వలిచిన రొయ్యలు ఒక కిలో ఉండాలి. తలలతో కొంటే దాదాపు సగం తరుగు పోతుంది, కాబట్టి రెండు కిలోల దాకా తీసుకోండి. మన దగ్గర ఇప్పుడు చెరువుల్లో పెంచేది ఎక్కువగా వనామీ. పసిఫిక్ తీరపు రొయ్య అది, మన దేశంలో 2009లో దాని పెంపకానికి అనుమతి ఇచ్చారు. మధ్యస్థంగా ఉన్నవి సలాడ్‌కి సరిగ్గా సరిపోతాయి. టైగర్ రొయ్య దొరికితే రుచి ఇంకా బాగుంటుంది గాని, అది పెద్దది కాబట్టి ఉడికాక నిలువునా రెండు చేసుకోవాలి. మరీ చిన్న రొయ్యలు మాత్రం వద్దు, రెప్పపాటులో ముదిరిపోతాయి.

కొనేటప్పుడు తల వంక చూడండి. తల గట్టిగా అంటుకుని, పెంకు మెరుస్తూ, ముక్క బిగువుగా ఉంటే తాజా సరుకు. తల వేలాడుతుంటే పాతది. రొయ్యకు సముద్రపు వాసన, నీచు వాసన సహజమే. ముక్కుకు ఘాటుగా అమ్మోనియా తగిలితే మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా వదిలెయ్యండి, కూరల్లో అయితే మసాలాకి అణిగిపోతుందేమో గాని సలాడ్‌లో దాచడానికి ఏమీ ఉండదు. ఇంటికి తెచ్చేటప్పుడు ఐస్ వేయించుకోండి. మే నెల ఎండలో స్కూటర్ మీద అరగంట తిరిగినా సరుకు మీద తేడా కనిపిస్తుంది.

వలిచి, వీపు మీద కత్తితో చిన్న గాటు పెట్టి నల్ల నరం తీసెయ్యండి. కూరకి అలవాటుగా వేసే పసుపు ఇక్కడ వద్దు, రంగు మామిడికీ అంటుకుంటుంది. కాస్త రాళ్ళ ఉప్పు వేసి రుద్ది, చల్లటి నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగితే నీచు పోతుంది. తరవాత ఒక పని చేస్తే రొయ్య కొరికితే తెగేంత బిగువుగా వస్తుంది: కిలో రొయ్యలకి ఒక టీస్పూను ఉప్పు, అర టీస్పూను వంటసోడా పట్టించి ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు ఉంచండి. సోడా క్షార గుణం వల్ల రొయ్యలోని ప్రొటీన్ నీటిని పట్టి ఉంచుతుంది, ఉడికేటప్పుడు ఎండిపోదు. ఉడికించే ముందు ఒకసారి నీళ్ళతో తొలిచెయ్యండి. సోడా అంతకంటే ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది, కొలతలో జాగ్రత్త.

ఉడికించడం దగ్గరే మన అలవాటు అడ్డొస్తుంది. కూరకి మనం ముందుగా రొయ్యల్ని పసుపు, ఉప్పు వేసి అందులో ఊరిన నీళ్ళన్నీ ఇగిరేదాకా పొయ్యి మీదే ఉంచుతాం. కూరకి అది బాగుంటుంది, ఆ పైన పులుసో మసాలానో పడుతుంది కాబట్టి ముక్క గట్టిపడినా తెలియదు. సలాడ్‌కి ఆ పద్ధతిలో చేస్తే రబ్బరు నమిలినట్టే. ఇక్కడ రొయ్యలోని నీరు రొయ్యలోనే ఉండాలి.

పెద్ద గిన్నెలో మూడు లీటర్ల నీళ్ళు పెట్టి, నాలుగు పెద్ద చెంచాల ఉప్పు, చితక్కొట్టిన అల్లం ముక్క, పది మిరియాలు, పిండేసిన నిమ్మచెక్కలు రెండు వెయ్యండి. నీళ్ళు తెర్లుతుండగా పొయ్యి కట్టేసి, వెంటనే సగం రొయ్యల్ని వేసి, గరిటెతో ఒకసారి కలియబెట్టి మూత పెట్టండి. మధ్యస్థంగా ఉన్న వనామీకి రెండు నుంచి మూడు నిమిషాలు చాలు. టైగర్ రొయ్యకి నాలుగు. మూత తీసి చూడండి, బూడిదరంగులో గాజులా ఉన్న ముక్క తెల్లబడి, మీద నారింజ గీతలు తేలతాయి. ఆ రంగు అస్టాజాంథిన్ అనే వర్ణకానిది. పచ్చి రొయ్యలో అది ఒక ప్రొటీన్‌తో ముడిపడి ఉండి బూడిద నీలంగా కనబడుతుంది, వేడికి ఆ ముడి ఊడి అసలు రంగు బయటకొస్తుంది. రంగు వచ్చినంత మాత్రాన తొందరపడి తీసెయ్యకండి. ఒకదాన్ని బాగా మందంగా ఉన్నచోట కోసి చూడండి, మధ్యలో గాజు మెరుపు పోయి అంతా తెల్లగా ఉండాలి. రొయ్య కాస్త వంగితే సరిగ్గా ఉడికిందని లెక్క. తోక తలభాగాన్ని తాకేంతగా గుండ్రంగా ముడుచుకుంటే ముదిరినట్టే.

అప్పటికే పక్కన ఐస్ వేసిన నీళ్ళు సిద్ధంగా ఉండాలి. చిల్లుల గరిటెతో తీసి అందులో వెయ్యండి, లేకపోతే లోపలి వేడికి ఇంకా ఉడుకుతూనే ఉంటాయి. రెండు నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే రుచి నీళ్ళలోకి దిగిపోతుంది. నీళ్ళు మళ్ళీ తెర్లాక రెండో సగం కూడా అలాగే చెయ్యండి. మొత్తం ఒకేసారి వేస్తే నీళ్ళ వేడి పడిపోయి కొన్ని పచ్చిగా, కొన్ని గట్టిగా వస్తాయి. అన్నీ అయ్యాక శుభ్రమైన పొడిగుడ్డ మీద పరిచి, ఇంకో గుడ్డతో మెల్లగా అద్దండి. ఈ తుడవడం చాలామంది వదిలేస్తారు. తడి రొయ్యకి పులుపూ కారం పట్టవు, జారి అడుగున చేరతాయి. మీ గిన్నెలో నిలిచిన గ్లాసుడు నీళ్ళలో కొంత వాటా ఇక్కడిదే అయుంటుంది. తుడిచాక మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోండి.

మిగతా నీళ్ళు పండ్లవి. కోసిన పండు ముక్కకి ఉప్పు తగిలిందంటే లోపలి నీరు బయటికి ఊరుతుంది. మాగాయకి ముక్కల్ని ఉప్పులో ఊరవేస్తే ఏం జరుగుతుందో మీకు తెలుసు, సలాడ్ గిన్నెలో జరిగిందీ అదే. మయొనీజ్‌లో ఉప్పు ఉంది, రాత్రంతా సమయం ఉంది. అందుకని రొయ్యలు, పండ్లు, వాటి మీద పోసే పుల్లటి రసం ఈ మూడూ వేరువేరుగా చల్లగా ఉండాలి, వడ్డించే ముందు మాత్రమే కలవాలి. మీరు నా ఉత్తరంలోంచి ఒక్క మాటే తీసుకుంటారంటే ఇది తీసుకోండి.

వెగటు మయొనీజ్ వల్ల వచ్చింది. అది మూడొంతులు నూనె, ఒక్క పెద్ద చెంచాలోనే తొంభై వంద క్యాలరీలు ఉంటాయి. పైగా నూనె నాలుక మీద పొరలా పరుచుకుంటే మామిడి వాసన, రొయ్య తీపి రెండూ తెలియవు. ఇంట్లో పచ్చి గుడ్డుతో చేసినదైతే వేసవిలో ఇంకా ప్రమాదం. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో పచ్చి గుడ్ల మయొనీజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది కూడా. దాన్ని పూర్తిగా పక్కన పెట్టండి.

దాని బదులు పులుపు, తీపి, ఉప్పు, కారం నాలుగూ ఉన్న పల్చటి రసం చాలు. పదిమందికి: నిమ్మరసం అరకప్పు కంటే కొంచెం తక్కువ, తురిమిన తాటిబెల్లం రెండు పెద్ద చెంచాలు, ఉప్పు ఒక టీస్పూను, సన్నగా తరిగిన పచ్చిమిరపకాయలు మూడు, చితక్కొట్టిన చిన్న వెల్లుల్లి రెబ్బ ఒకటి, వేరుశనగ నూనె రెండు పెద్ద చెంచాలు. ముందు బెల్లాన్ని నిమ్మరసంలో కరిగించి, తరవాత మిగతావి వెయ్యండి. థాయ్ వాళ్ళు వాడే చక్కెర కూడా తాటి, కొబ్బరి చెట్ల కల్లోంచి కాచిందే కాబట్టి మన తాటిబెల్లం ఆ రుచికి చాలా దగ్గరగా వస్తుంది. మామూలు బెల్లమైనా ఫరవాలేదు, రంగు కాస్త ముదురుతుంది.

చేపల ద్రావణం అంటే ఉప్పులో నెలల తరబడి ఊరవేసిన నెత్తళ్ళ లాంటి చిన్న చేపల నుంచి దిగిన రసం. పెద్ద ఊళ్ళలో సూపర్‌మార్కెట్లలో ఫిష్ సాస్ అని దొరుకుతుంది. ఉంటే ఉప్పు తగ్గించి ఒక పెద్ద చెంచా వేసుకోండి. లేకపోతే ఎండురొయ్యలు ఉన్నాయి కదా. గుప్పెడు ఎండురొయ్యల తలలు, తోకలు దులిపి, పొడి మూకుట్లో చిన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. వేళ్ళతో నలిపితే దూదిలా విడిపోవాలి, పిండి కాకూడదు. ఇది సలాడ్ మీద చల్లితే ఆ చేపల ద్రావణం ఇచ్చే లోతైన రుచి వచ్చేస్తుంది. థాయ్ వాళ్ళు కూడా తమ సలాడ్లలో ఎండురొయ్యలు వేసుకుంటారు. మీ చుట్టాలకి ఈ వాసన అలవాటే కాబట్టి కొత్త వంటకం అని బెదరరు.

ఆదివారం పని ఇలా పెట్టుకోండి. ఉదయమే రొయ్యలు తెప్పించి, వలిచి, ఉడికించి, తుడిచి ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. ఎండురొయ్యల పొడి, వేయించిన వేరుశనగగుళ్ళు, ఎర్రగా వేయించిన కొబ్బరి కోరు శనివారమే చేసి సీసాల్లో పెట్టుకోవచ్చు. రసం కూడా ఉదయం కలపొచ్చు, వెల్లుల్లి మాత్రం చివర్లో వెయ్యండి, ముందే వేస్తే ఘాటెక్కుతుంది. రెండు ఉల్లిపాయలు పల్చటి చీలికలుగా తరిగి పావుగంట ఐస్ నీళ్ళలో వేసి తీస్తే మంట పోయి కరకర మిగులుతుంది. రెండు కీర దోసకాయల గింజల భాగం చెంచాతో గీకేసి ముక్కలు కొయ్యండి, నీరంతా ఆ గింజల దగ్గరే ఉంటుంది. దోర మామిడి నాలుగు పెద్దవి, పచ్చికాయలు రెండు. వీటిని భోజనానికి గంట ముందు కోసి, మూత పెట్టి చల్లగా ఉంచండి.

విస్తళ్ళో పళ్ళాలో సర్దుతున్నప్పుడు కలపడం మొదలుపెట్టండి. వెడల్పాటి పళ్ళెంలాంటి గిన్నె తీసుకోండి, లోతు గిన్నెలో అడుగువి నలుగుతాయి. ముందు రొయ్యల మీద సగం రసం పోసి చేత్తో కలపండి, పులుపు వాటికి పట్టాలి. తరవాత ఉల్లి, కీర దోస, రెండు రకాల మామిడి. మిగతా రసం పోసి, అడుగు నుంచి పైకి రెండు మూడుసార్లు తిరగేస్తే చాలు. తుంచిన పుదీనా, కొత్తిమీర చాలా వెయ్యండి, అలంకారానికి చిటికెడు కాదు, ఆకుకూరలా గుప్పెళ్ళు. పైన వేరుశనగ, కొబ్బరి, ఎండురొయ్యల పొడి చల్లండి. ఒక ముక్క నోట్లో వేసుకుని చూడండి. చప్పగా ఉంటే ఉప్పు కంటే ముందు నిమ్మరసం వెయ్యండి, చాలాసార్లు లోటు పులుపుదే.

మీ అమ్మాయి తిరిగి అమెరికా వెళ్ళాక చేసుకోవాలంటే గడ్డకట్టిన రొయ్యల సంచి మీద 31/40 అన్న అంకె చూడమనండి. పౌనుకి అన్ని తూగుతాయని అర్థం, సలాడ్‌కి అదే సరైన సైజు. రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వాలి. ముందే ఉడికించి అమ్మేవి మళ్ళీ పొయ్యి ఎక్కించకూడదు. మామిడికి మెక్సికో నుంచి వచ్చే అటాల్ఫో దొరికితే బాగుంటుంది, పీచు ఉండదు, ముక్క నిలుస్తుంది.

ఇక మామయ్యగారి సంగతి. ఆయన మాటకి ఆధారం లేకపోలేదు. ఆయుర్వేదంలో చేపలు, పాలు కలిపి తినడాన్ని విరుద్ధాహారంగా చెబుతారు, ఆ మాటే ఇళ్ళల్లో పెరిగి పండ్లకీ పాకి ఉంటుంది. ఈ సలాడ్‌లో పాలు, పెరుగు, క్రీమ్ ఏవీ లేవని ఆయనకి చెప్పండి. మామిడికాయ రొయ్యలు ఆయన చిన్నప్పటి నుంచీ తింటున్నదే. అయినా వద్దంటే బలవంతం చెయ్యకండి, ఉడికించిన రొయ్యలు కాసిని పక్కన తీసి ఆయనకి ఉప్పు, మిరియాలు, నిమ్మరసంతో ఇవ్వండి.

కొలెస్ట్రాల్ విషయానికొస్తే, రొయ్యల్లో అది ఎక్కువే. ఉడికించిన వంద గ్రాముల్లో సుమారు 190 మిల్లీగ్రాములు, అంటే ఒక గుడ్డు సొనలో ఉన్నంత. కానీ మొత్తం కొవ్వు చాలా తక్కువ, సంతృప్త కొవ్వు మరీ తక్కువ. రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ని పెంచడంలో చాలామందికి సంతృప్త కొవ్వుదే పెద్ద పాత్ర. తిండిలోని కొలెస్ట్రాల్‌కి రోజుకి 300 మిల్లీగ్రాముల హద్దు అని ఎన్నాళ్ళో చెప్పిన అమెరికా ఆహార మార్గదర్శకాలు 2015-2020 ప్రతిలో ఆ అంకెని తీసేశాయి, అలాగని ఎంతైనా తినమనీ అనలేదు. ఒక చిన్న గిన్నెడు తింటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. డాక్టరు ఆయనకి ప్రత్యేకంగా రొయ్యలు వద్దని చెప్పి ఉంటే మాత్రం ఆ మాటే వినండి.

ఆయన విషయంలో అంతకంటే గమనించాల్సింది పంపరపనస. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనసల్లో ఉండే కొన్ని పదార్థాలు పేగుల్లో మందుని విరగ్గొట్టే ఒక ఎంజైముని అడ్డుకుంటాయి. దాంతో అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు రక్తంలో ఉండాల్సినదానికంటే ఎక్కువ చేరతాయి. కండరాల నొప్పుల దగ్గర్నుంచి పెద్ద ఇబ్బందుల దాకా రావచ్చు. మందు ఉదయం, పండు సాయంత్రం అని విడదీసినా ప్రయోజనం లేదు, ఆ ప్రభావం ఒక రోజుకి పైగా ఉంటుంది. మాత్రల అట్ట మీద పేరు చూసుకుని, డాక్టర్ని అడిగిన తరవాతే ఆయనకి పంపరపనస పెట్టండి. మామిడికి, వంటలో వాడే కొద్దిపాటి నిమ్మరసానికి సాధారణంగా ఈ పేచీ ఉండదు. ఆయనకి షుగర్ కూడా ఉంటే మాత్రం మామిడి తగ్గించి కీర దోస పెంచండి.

మీ అమ్మాయి ఇంటర్నెట్‌లో చూసి, పచ్చి చేపని నిమ్మరసంలో నానబెట్టి తినే పెరూ దేశపు సెవిచే గురించి కూడా అడగొచ్చు. గొప్ప వంటకమే, దాన్ని చేసుకునే సంప్రదాయాన్ని 2023లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. నిమ్మరసానికి ముక్క తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుంది గాని క్రిములు, పురుగులు చచ్చాయన్న భరోసా దానివల్ల రాదు. మన బజారు రొయ్యలతో, మే నెలలో, పదిమంది చుట్టాలకి ఆ ప్రయోగం వద్దు. రొయ్యలు తప్పకుండా ఉడకాలి. పచ్చివాటిని కోసిన పీట, కత్తి కడగకుండా మామిడి కొయ్యకండి. పచ్చి రొయ్యల నీళ్ళు కోసిన పండు మీద పడితే ఆ తరవాత దాన్ని ఉడికించేది లేదు కాబట్టి విరేచనాల దాకా పోతుంది.

కలిపిన సలాడ్ బల్ల మీద గంటకంటే ఎక్కువ ఉండకూడదు, కాకినాడ వేడిలో అదే ఎక్కువ. అందుకే సగం సగం రెండుసార్లుగా కలిపి వడ్డించండి, మొదటి గిన్నె ఖాళీ అయ్యాక రెండోది. మిగిలితే ఆ సాయంత్రానికి తినెయ్యండి, ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే. మర్నాటికి ఉంచొద్దు. కలపకుండా మిగిలిన రొయ్యల్ని రెండు రోజుల్లోపు పోపులో వేసుకోవచ్చు. వలిచిన పెంకులు, తలలు పారెయ్యకండి. కాస్త నూనెలో ఎర్రగా వేయించి, నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు మరిగించి వడగడితే సాయంత్రం రొయ్యల పులుసుకి మంచి నీళ్ళు తయారు.

ఆదివారం వచ్చేవాళ్ళలో ఎవరికైనా రొయ్యలు, పీతలు పడవేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. దద్దుర్లు, గొంతు వాపు వచ్చేవాళ్ళకి ఉడికించినా ప్రయోజనం ఉండదు, ఆ ఎలర్జీ తెచ్చే ప్రొటీన్ వేడికి చెడదు. వేరుశనగ పడనివాళ్ళ సంగతీ అడగండి, నూనె మార్చి గుళ్ళు పక్క గిన్నెలో పెట్టొచ్చు. రొయ్యలు పడనివాళ్ళు ఉంటే వాళ్ళ వాటా మామిడి, కీర దోసల్ని రొయ్యలు తగలని గిన్నెలో, రొయ్యల మీద పోసిన చెంచా పెట్టకుండా కలిపి, ఎండురొయ్యల పొడి చల్లకుండా ముందుగా వడ్డించండి.